ఈ రాత్రి ఏది పెడదాం? మిగిలిన ఓపికను బట్టి కొన్ని సలహాలు

"ఈమధ్య ఏమైనా మంచివి చూశావా?" అని ఎవరైనా అడిగితే నేను వెంటనే పేరు చెప్పను. "ముందు ఇది చెప్పు, ఇవాళ ఎంత అలిసిపోయావు?" అంటాను. మొదట్లో నవ్వేవాళ్లు. ఇప్పుడు అలవాటైపోయి వాళ్లే ముందుగా చెప్పేస్తున్నారు: "బాగా అలిసిపోయా, ఫోన్ చేతిలోనే ఉంటుంది, మధ్యలో నిద్రపోయినా పోతా." అలా చెబితే నా పని సగం అయిపోయినట్టే.

ఇది ఊరికే వచ్చిన తెలివి కాదు. ‘సెవరెన్స్’ అనే సిరీస్‌ని నేను మొదటిసారి రాత్రి పదకొండున్నరకి, సగం కళ్లు మూతలు పడుతుండగా మొదలుపెట్టాను. రెండో ఎపిసోడ్‌కల్లా ఎవరు ఎవరో తెలియలేదు. "ఏముంది ఇందులో, తెల్లగోడలు తప్ప" అని దాన్ని సూచించిన ఫ్రెండ్‌కి మెసేజ్ కూడా పెట్టాను. ఆరు నెలల తర్వాత ఒక ఆదివారం మధ్యాహ్నం, ఫోన్ పక్క గదిలో పడేసి మళ్లీ మొదటి నుంచి చూశాను. సాయంత్రానికి అదే ఫ్రెండ్‌కి ఫోన్ చేసి క్షమాపణ చెప్పాల్సి వచ్చింది. సిరీస్ మారలేదు, చూసిన వేళ మారింది.

అందుకే థ్రిల్లరా, కామెడీనా, ఫాంటసీనా అన్న లెక్క నాకు పెద్దగా పనికిరాదు. యాప్‌లన్నీ ఆ లెక్కతోనే అరలు సర్దుతాయి, మనం అరగంట సేపు ఆ అరలు తిరిగి తిరిగి చివరికి ఏమీ చూడకుండా పడుకుంటాం. నేను అడిగేవి మూడే: చేతిలో ఎంతసేపు ఉంది, బుర్రలో ఎంత ఓపిక మిగిలింది, పక్కన ఎవరున్నారు. ఇటీవలి వాటిలో నాకు నచ్చినవాటిని ఈ మూడు ప్రశ్నల మీద పక్కపక్కన పెట్టి చెబుతాను. "రెండూ వేటికవే బాగుంటాయి" అని తప్పించుకోను, నా ఓటు ఎటో చెప్పేస్తాను.

ఒక్క సాయంత్రంలో అయిపోవాలంటే

ఇక్కడ నా జోడీ ‘అడాలసెన్స్’, ‘ఫ్లో’. ఒకదాంట్లో మాటలే ప్రాణం, ఇంకోదాంట్లో ఒక్క మాట కూడా ఉండదు.

‘అడాలసెన్స్’ 2025 మార్చిలో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన బ్రిటిష్ సిరీస్. నాలుగే ఎపిసోడ్లు, మొత్తం కలిపి నాలుగు గంటల లోపే. తోటి విద్యార్థినిని చంపాడన్న ఆరోపణ మీద 13 ఏళ్ల కుర్రాడిని పోలీసులు తెల్లవారుజామున ఇంటికొచ్చి పట్టుకుపోవడంతో మొదలవుతుంది. ఎవరు చేశారన్నది ఇక్కడ పెద్ద ప్రశ్న కాదు, అది త్వరగానే తేలిపోతుంది. ఎందుకు చేశాడు, మన కళ్లముందు పెరిగిన పిల్లవాడి గదిలో మనకు తెలియకుండా ఏం జరుగుతోంది అన్నదే కథంతా.

ప్రతి ఎపిసోడ్‌నీ కెమెరా ఎక్కడా ఆపకుండా ఒకే షాట్‌గా తీశారు. ఇది వినగానే చాలామంది "అబ్బో, టెక్నికల్ గొప్ప" అనుకుని వదిలేస్తారు. నిజానికి దాని ప్రభావం చూసేవాడి ఊపిరి మీద పడుతుంది. మామూలు సిరీస్‌లో కష్టమైన సీన్ తర్వాత కట్ పడుతుంది, మనం ఒక్క క్షణం తేరుకుంటాం. ఇక్కడ ఆ కట్ రాదు. పోలీస్ వ్యాన్‌లో ఆ పిల్లవాడితో పాటు మనమూ కూర్చుని స్టేషన్ దాకా వెళ్లాల్సిందే.

మూడో ఎపిసోడ్ దాదాపు మొత్తం ఒక గదిలో, ఆ కుర్రాడికీ ఒక సైకాలజిస్టుకీ మధ్య జరిగే సంభాషణ. ఒకచోట వాడు ఆవులిస్తాడు. ఆమె "నేను బోర్ కొడుతున్నానా?" అని అడుగుతుంది, వాడు చిన్నగా నవ్వుతాడు. అది స్క్రిప్టులో లేదట. నటిస్తున్న ఓవెన్ కూపర్‌కి నిజంగానే ఆవులింత వచ్చింది, ఎదురుగా ఉన్న ఎరిన్ డోహర్టీ అప్పటికప్పుడు ఆ మాట అనేసింది. ఆ ఒక్క నవ్వుతో వాడు మళ్లీ చిన్నపిల్లాడైపోతాడు. మరు నిమిషంలో వాడి గొంతు లేస్తుంది, మన ఒళ్లు జలదరిస్తుంది. ఓవెన్‌కి ఇది మొట్టమొదటి నటన. 15 ఏళ్ల వయసులోనే దీనికి ఎమ్మీ (అమెరికాలో టీవీ కార్యక్రమాలకిచ్చే పెద్ద అవార్డు) అందుకున్నాడు.

‘ఫ్లో’ 2024లో వచ్చిన లాత్వియా యానిమేషన్ సినిమా, నిడివి 85 నిమిషాలు. దర్శకుడు గింట్స్ జిల్బలోడిస్. ఒక నల్లపిల్లి. నీళ్లు పెరుగుతూ ఉంటాయి. ఎటు నుంచో ఒక పడవ కొట్టుకొస్తుంది. అందులోకి ఒక కాపిబారా (ఎలుకజాతికి చెందిన పెద్ద జంతువు), కోతిలాంటి ఒక లెమూర్, ఒక కుక్క, పొడుగు కాళ్ల పక్షి ఒకటి చేరతాయి. అవేవీ మనుషుల్లా మాట్లాడవు, జోకులు వేయవు. పిల్లి పిల్లిలాగే ఉంటుంది: అనుమానం, బింకం, నీళ్లంటే భయం. జంతువుల గొంతులకు నిజమైన జంతువుల శబ్దాలే వాడారు. కాపిబారా అసలు గొంతు దాని నెమ్మదితనానికి సరిపోలేదని ఒంటెపిల్ల గొంతు పెట్టారు. సినిమా మొత్తాన్నీ ఎవరైనా ఉచితంగా దించుకోగలిగే బ్లెండర్ అనే సాఫ్ట్‌వేర్‌తో చేశారు, అలాగే వెళ్లి 2025లో ఉత్తమ యానిమేషన్ ఆస్కార్ తెచ్చుకున్నారు.

ఇక ఎంపిక. మాటల్లేని సినిమా కదా, ఫోన్ చూసుకుంటూ చూడొచ్చులే అనుకునేరు. సరిగ్గా తలకిందులు. మాటలుంటే చెవి పని చేస్తుంది, కన్ను కాసేపు పక్కకు పోయినా కథ అందుతుంది. ‘ఫ్లో’లో కథంతా కంటితోనే అందాలి. రెండు నిమిషాలు కింద చూసి తలెత్తితే పడవ ఎక్కడుందో తెలియదు. కాకపోతే బుర్ర మీద బరువు పడదు. చాలా అలిసిపోయి, కానీ మెలకువగా ఉంటే నా ఓటు ‘ఫ్లో’కి. పక్కన చిన్నపిల్లలుంటే ఇంకా మంచిది, పిల్లి నీళ్లలో పడే చోట్ల మాత్రం కాస్త దగ్గరగా కూర్చోబెట్టుకోండి. ‘అడాలసెన్స్’కి రెండు రాత్రులు పెట్టుకోండి, రోజుకు రెండేసి. ఇంట్లో టీనేజీ పిల్లలుంటే ముందు మీరొక్కరే చూసి, ఆ తర్వాత వాళ్లతో కలిసి మళ్లీ చూడండి. మొదటిసారే కలిసి కూర్చుంటే మీ ముఖం చూసి వాళ్లు బిగుసుకుపోతారు.

రోజంతా పని చేసి, మళ్లీ పని గురించే చూస్తారా?

వింతేమిటంటే ఈ మధ్యకాలపు సిరీసుల్లో నాకు బాగా నచ్చిన రెండూ ఉద్యోగం గురించే. ‘ది పిట్’, ‘సెవరెన్స్’. ఒకటి పనిలో మునిగిపోయినవాళ్ల గురించి, ఇంకోటి పనిని బుర్రలోంచి కోసి పక్కన పెట్టేసినవాళ్ల గురించి.

‘ది పిట్’ అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో ఒక ఎమర్జెన్సీ వార్డు. మొదటి సీజన్‌లో 15 ఎపిసోడ్లు, ఒక్కో ఎపిసోడ్ ఒక్కో గంట. పొద్దున 7కి షిఫ్టు మొదలవుతుంది, రాత్రి 10కి సీజన్ అయిపోతుంది. సీజన్ మొత్తం ఒకే రోజన్నమాట. నేపథ్య సంగీతం దాదాపు లేదు. ఏడవమని వయొలిన్ చెప్పదు, మనకు రావాల్సిన చోట ఏడుపు దానంతటదే వస్తుంది. ప్రధాన పాత్ర చేసిన నోవా వైలీ 1994లో మొదలైన ‘ఈఆర్’ అనే ఆస్పత్రి సిరీస్‌లో వైద్య విద్యార్థిగా కనిపించిన కుర్రాడే. అదే మనిషి ముప్పై ఏళ్ల తర్వాత గడ్డంతో, కళ్ల కింద చారలతో వార్డు నడుపుతుంటే చూడటం వేరే అనుభవం. 2025 ఎమ్మీల్లో ఉత్తమ డ్రామా అవార్డు దీనికే వచ్చింది. రెండో సీజన్ 2026 జనవరిలో మొదలైంది, అది కూడా ఒకే రోజు కథ.

దీంట్లో నాకు నచ్చిన సుఖం ఒకటుంది. మెడికల్ మాటలు ఒక్కటీ అర్థం కాకపోయినా ఫర్వాలేదు. డాక్టర్లు పరుగులో ఏవో పేర్లు అరుస్తుంటారు, మీకు తెలియాల్సింది ఈ పేషెంటు బతుకుతాడా లేదా అన్నదే. అందుకే అలిసిపోయిన రోజున కూడా లాక్కుపోతుంది. అయితే రక్తం, గాయాలు ఏమీ దాచరు. మొదటి ఎపిసోడ్‌లోనే రైలు ప్రమాదంలో నలిగిన కాలు ఒకటి చూపిస్తారు. భోజనం చేస్తూ చూసే సిరీస్ కాదిది. దగ్గరివాళ్లు ఆస్పత్రిలో ఉండి వచ్చిన కొత్తలో కూడా వద్దు, కొన్నాళ్లు ఆగండి.

‘సెవరెన్స్’లో ఒక కంపెనీ ఉద్యోగుల మెదడులో చిన్న ఆపరేషన్ చేస్తుంది. ఆఫీసులో ఉన్నంతసేపూ బయటి జీవితం గుర్తుండదు, బయటికొచ్చాక ఆఫీసు గుర్తుండదు. వినగానే "భలే ఉందే, నాకూ కావాలి" అనిపిస్తుంది కదా? మొదటి ఎపిసోడ్‌లో హెలీ అనే కొత్త ఉద్యోగిని ఇక ఇక్కడ ఉండనని చెప్పి బయటి తలుపు తోసుకుని వెళ్తుంది. అదే అడుగులో మళ్లీ లోపలికి వస్తుంది. మళ్లీ వెళ్తుంది, మళ్లీ వస్తుంది. ఆమెకు సంబంధించినంతవరకు ఆ తలుపుకి అవతలివైపు అనేదే లేదు. బయటికెళ్లిన ఆమె వెనక్కి తిరిగి రావాలని అనుకుంటోంది, లోపలున్న ఆమెకు ఆ సంగతి ఎప్పటికీ తెలియదు. ఆ ఒక్క తలుపు చాలు, ఆ ఆపరేషన్ మీద మోజు పోవడానికి.

ఇందులో ప్రతి చిన్న వస్తువూ తర్వాత ఎక్కడో ఉపయోగపడుతుంది. అందుకే సగం మనసుతో చూస్తే ఖాళీగా కనిపిస్తుంది, నాకు కనిపించినట్టు. ఇంకో ఖర్చు కూడా లెక్కేసుకోవాలి, అది ఎదురుచూపు. మొదటి సీజన్ 2022 ఏప్రిల్‌లో గుండె ఆగేచోట ఆగింది. రెండోది వచ్చింది 2025 జనవరిలో. దాదాపు మూడేళ్లు! ఇప్పుడు మొదలుపెట్టేవాళ్లు అదృష్టవంతులు, రెండు సీజన్లూ వరసగా 19 ఎపిసోడ్లు ఉన్నాయి. కానీ కథ అక్కడితో ముగియలేదు, మూడో సీజన్ కోసం మీరూ మా లైన్లో నిలబడాల్సిందే.

వారం మధ్యలో, ఆఫీసు అయ్యాక ఒక్కో ఎపిసోడ్ అంటే ‘ది పిట్’. సెలవురోజు, తెరలు దించుకుని, ఒంటరిగా లేదా సినిమా మధ్యలో ప్రశ్నలు అడగని మనిషితో అంటే ‘సెవరెన్స్’. ఏదో ఒకటే చెప్పమంటే? ‘ది పిట్’ని ఎక్కువమందికి చెబుతాను, ‘సెవరెన్స్’ని ఎక్కువగా తలుచుకుంటాను.

పెద్ద కథలో పడి కొట్టుకుపోవాలని ఉంటే

నెలరోజుల పాటు ఒకే లోకంలో ఉండాలనిపించే కాలం ఒకటి వస్తుంది. దానికి ‘ఆండోర్’, ‘షోగన్’.

‘ఆండోర్’ స్టార్ వార్స్ అనే అంతరిక్ష సినిమాల కుటుంబానికి చెందినది అనగానే సగంమంది లేచిపోతారు, "నేను పాత సినిమాలు ఏవీ చూడలేదు" అని. చూడనక్కర్లేదు. కత్తుల్లా మెరిసే లైట్లు, మంత్రశక్తులు దాదాపు ఉండవు. ఒక సామాన్యుడు, మొదట్లో తన పూట గడుపుకోవడం తప్ప ఏదీ పట్టనివాడు, తిరుగుబాటులోకి ఎలా వచ్చాడన్నదే కథ. రెండు సీజన్లు, 12 చొప్పున 24 ఎపిసోడ్లు. కథ పూర్తిగా ముగిసింది. ముగింపు సరిగ్గా 2016లో వచ్చిన ‘రోగ్ వన్’ సినిమా మొదలయ్యే చోట అతుక్కుంటుంది.

మొదటి రెండు ఎపిసోడ్లు మెల్లగా నడుస్తాయి. చాలామంది అక్కడే దిగిపోతారు, నాకు తెలిసి ఇదే దీనికున్న పెద్ద నష్టం. దీన్ని ఎపిసోడ్ల లెక్కన చూడకండి, మూడేసి ఎపిసోడ్లని ఒక సినిమా అనుకుని చూడండి. రెండో సీజన్‌ని 2025లో వారానికి మూడేసి చొప్పునే విడుదల చేశారు, ఒక్కో మూడింటికీ కథలో ఒక్కో ఏడాది గడుస్తుంది. మొదటి సీజన్‌లో జైలు భాగం దాకా ఆగండి. ఖైదీలకు గొలుసులుండవు, గార్డులు కూడా కొద్దిమందే. ఖైదీల కాళ్లకు చెప్పులు లేవు, నేల అంతా లోహం, మీట నొక్కితే కరెంటు. అంతే. వాళ్లను భయపెట్టడానికి ఇంకేమీ అవసరం లేదు. ఆ నేల మీద వాళ్లు నడిచే తీరు చూస్తుంటే మనకే అరికాళ్లు జివ్వుమంటాయి.

‘షోగన్’ 2024లో వచ్చింది, 10 ఎపిసోడ్లు. 1600 నాటి జపాన్, ఓడ దెబ్బతిని తీరానికి చేరిన ఒక ఇంగ్లీషు నావికుడు, సింహాసనం చుట్టూ ఎత్తులు. ఒక్క సీజన్‌కే 18 ఎమ్మీలు తెచ్చుకుని రికార్డు పెట్టింది. తర్వాత ఇంకా సీజన్లు తీస్తామన్నారు గానీ, ఈ పదితో మూల నవల కథ ముగిసిపోతుంది, కాబట్టి నిశ్చింతగా మొదలుపెట్టొచ్చు.

ఇక్కడ డబ్బింగ్ గురించి ఒక మాట. నేను డబ్బింగ్‌కి వ్యతిరేకిని కాను, సబ్‌టైటిల్స్ చదవనివాళ్లని చిన్నచూపు చూసే బాపతు అసలే కాదు. కానీ ‘షోగన్’ని మాత్రం డబ్బింగ్‌లో చూడకండి. మాటల్లో ఎక్కువ భాగం జపనీస్, ఆ నావికుడికి అది రాదు. మధ్యలో మరికో అనే ఆమె దుబాసీ. అతను కోపంతో అరుస్తాడు, ఆమె ఎదుటి ప్రభువుకి దాన్ని రెండు మెత్తటి మాటల్లో చెబుతుంది. ప్రభువు ఏదో కటువుగా అంటాడు, ఆమె దాన్ని ఇంకెలాగో అందిస్తుంది. ఏం వదిలేసింది, ఏం కలిపింది, ఎందుకు? ఆ సందులోనే సిరీస్ మొత్తం ఉంది. అందరూ ఒకే భాషలో మాట్లాడేస్తే ఆ సందు పూడిపోతుంది, ఆమె ఎందుకు అక్కడ కూర్చుందో కూడా అర్థం కాదు.

కాబట్టి చదివే ఓపిక ఉన్న రోజులైతే ‘షోగన్’, వినే ఓపిక మాత్రమే ఉంటే ‘ఆండోర్’. నాకైతే ‘ఆండోర్’ ఒక మెట్టు పైన.

ఇంత పెద్దవి వద్దు, అలాగని నాలుగు గంటల్లో గుండె పిండేదీ వద్దు, మధ్యరకంగా ఏదైనా చెప్పమంటారా? ‘స్లో హార్సెస్’. ఉద్యోగంలో తప్పులు చేసిన బ్రిటిష్ గూఢచారులందర్నీ ఒక మురికి ఆఫీసులోకి నెట్టేస్తారు. వాళ్ల బాసుగా గ్యారీ ఓల్డ్‌మన్, చిరుగు సాక్సులు, జిడ్డు జుట్టు, నోరు తెరిస్తే తిట్టు. సీజన్‌కి ఆరే ఎపిసోడ్లు, సీజన్‌కి ఒక కథ, ఏటా ఠంచనుగా వస్తుంది. 2025 నాటికి ఐదు సీజన్లయ్యాయి. జాగ్రత్తలేమీ చెప్పక్కర్లేని సిఫారసు ఇది, ఇప్పటిదాకా నాకు దీని మీద ఒక్క ఫిర్యాదు కూడా రాలేదు.

కార్టూన్ అని కొట్టిపారేయొద్దు

‘ఫ్రీరెన్’ అనే జపనీస్ యానిమేని మా అక్కకి చూపించడానికి నాకు నాలుగు నెలలు పట్టింది. "బొమ్మల కథలు పిల్లలకి" అంది. ఇప్పుడు రెండో సీజన్ గురించి తనే నాకు మెసేజ్‌లు పెడుతోంది.

మామూలు ఫాంటసీ ఎక్కడ ముగుస్తుందో ఇది అక్కడ మొదలవుతుంది. నలుగురు వీరులు పదేళ్లు ప్రయాణం చేసి రాక్షసరాజుని చంపేసి ఊరికి తిరిగొచ్చారు. అయిపోయింది. వాళ్లలో ఫ్రీరెన్ ఎల్ఫ్ అనే కల్పిత దీర్ఘాయువు జాతిది, వెయ్యేళ్లకు పైగా బతికింది, ఇంకా బతుకుతుంది. తనకు ఆ పదేళ్లు ఒక మధ్యాహ్నం కునుకు లాంటివి. "యాభై ఏళ్ల తర్వాత మళ్లీ కలుద్దాం" అని తేలిగ్గా చెప్పి వెళ్లిపోతుంది. చెప్పినట్టే వస్తుంది. నాయకుడు హిమ్మెల్ బట్టతల ముసలివాడై ఉంటాడు, కొన్నాళ్లకే పోతాడు. అంత్యక్రియల దగ్గర ఆమె ఏడవడం లేదని ఎవరో తప్పుపడతారు. అప్పుడు, అందరి ముందూ, ఉన్నట్టుండి ఏడుస్తుంది: మనుషులు త్వరగా పోతారని తెలిసి కూడా ఇతని గురించి ఇంకొంచెం తెలుసుకోవడానికి నేనెందుకు ప్రయత్నించలేదు అని. ఇదంతా మొదటి ఎపిసోడ్‌లోనే. మిగతా కథంతా ఆ తెలుసుకోవడమే.

మొదటి సీజన్ 28 ఎపిసోడ్లు, ఒక్కోటి పాతిక నిమిషాల లోపు. రోజుకొకటి చూసుకుంటే నెల గడిచిపోతుంది, అలా చూడటమే దీనికి న్యాయం. ఏకబిగిన చూస్తే నెమ్మదితనం విసుగనిపిస్తుంది. డబ్బింగ్‌లో చూసినా పెద్దగా పోయేదేమీ లేదు. ఇందులో ఫ్రీరెన్ ఎక్కడికెళ్లినా పనికిమాలిన మంత్రాలు సేకరిస్తుంది, పూలతోట మొలిపించే మంత్రం లాంటివి. ఎందుకో మెల్లగా తెలుస్తుంది.

ఇంట్లో పిల్లలు, పెద్దలు కలిసి కూర్చున్న రోజున మాత్రం ‘ఫ్రీరెన్’ వద్దు, ‘కె-పాప్ డీమన్ హంటర్స్’ పెట్టండి. 2025 జూన్‌లో వచ్చింది, నెట్‌ఫ్లిక్స్‌లో ఎక్కువమంది చూసిన సినిమా అయింది, అందులోని ‘గోల్డెన్’ పాట అమెరికా పాటల జాబితా బిల్‌బోర్డ్‌లో మొదటి స్థానానికెక్కింది. ముగ్గురు పాప్ గాయనులు రాత్రిళ్లు రాక్షసులను వేటాడతారు. కథ ఎటు పోతుందో పది నిమిషాల్లో మీకు తెలిసిపోతుంది. తెలిసినా కూర్చోబెట్టేస్తుంది. పిల్లలున్న ఇంట్లో ఆ పాట నెలరోజులు వినాల్సి వస్తుందన్నది దీనికి చెల్లించాల్సిన మూల్యం.

చూడటం కాదు, ఆడటం

గేమ్స్ అలవాటు లేనివాళ్లకి నేను మొదట చెప్పేది ‘బలాట్రో’. ఒకే ఒక్క మనిషి తయారుచేసిన పేకాట గేమ్, 2024లో వచ్చింది, ఫోన్‌లో కూడా ఉంది. పోకర్‌లోని జతలు, వరసలు వేస్తుంటారు, పక్కన జోకర్లు చేరి లెక్కలన్నీ తారుమారు చేస్తాయి. ఒక జోకర్ జతకి ఎక్కువ పాయింట్లిస్తుంది, ఇంకోటి దాన్ని రెట్టింపు చేస్తుంది, చూస్తుండగానే వందల స్కోరు లక్షలవుతుంది. మొత్తం 150 జోకర్లున్నాయి. పేకాటంటే చిరాకు ఉన్నవాళ్లకు కూడా చెబుతున్నాను, ఇందులో పందెం డబ్బు లేదు. పోయేది నిద్ర ఒక్కటే. "ఇంకొక్క ఆట" అన్న మాటని నేను ఈ గేమ్ వల్ల ఒక రాత్రి తొమ్మిదిసార్లు అనుకున్నాను.

దానికి సరిగ్గా ఎదురుగా ‘బ్లూ ప్రిన్స్’, 2025లో వచ్చింది. 45 గదుల ఇల్లు, మీరు 46వ గదిని కనిపెట్టాలి. తలుపు తెరిచిన ప్రతిసారీ మూడు గదులు చూపించి ఒకటి ఎంచుకోమంటుంది, అలా ఇల్లు మీ ముందే కట్టుకుంటూ పోతుంది. మర్నాటికి ఇల్లంతా చెరిగిపోయి మళ్లీ మొదటికి. అయితే మీకు తెలిసింది మీ దగ్గరే ఉంటుంది. పక్కన నోట్‌బుక్, పెన్ను లేకుండా ఆడకండి, ఇది మాటవరసకి చెప్పడం లేదు. నా నోట్‌బుక్‌లో బొమ్మలు, బాణాలు, ప్రశ్నార్థకాలతో ముప్పై పేజీలు నిండాయి. ఇంగ్లీషు మాటలతో ఆడుకునే పజిళ్లు చాలా ఉన్నాయి కాబట్టి ఆ భాష మీద పట్టు తక్కువుంటే సరదా సగమే.

ఇద్దరుంటే చర్చే లేదు, ‘స్ప్లిట్ ఫిక్షన్’. ఒక్కరు ఆడటానికి కుదరదు, ఇద్దరి కోసమే చేశారు. ఒక స్థాయిలో డ్రాగన్లు, ఇంకో స్థాయిలో అంతరిక్షం, ఏ ఆటనీ పది నిమిషాల కన్నా ఎక్కువసేపు ఉంచదు. దూరంగా ఉన్న స్నేహితుడితో ఆడాలన్నా ఒక్కరు కొంటే చాలు, రెండోవాళ్లకి ఉచితం. గేమ్స్ రాని మనిషితో ఆడేటప్పుడు మాత్రం "అటు కాదు, ఇటు" అని అరవకండి. మొదటి గంటలో పడ్డ తిట్లకి రెండో గంట ఉండదు. ఇక ‘క్లెయిర్ అబ్స్‌క్యూర్: ఎక్స్‌పెడిషన్ 33’ని గేమ్స్ బాగా అలవాటున్నవాళ్లకే చెబుతాను. ఏటా ఒక చిత్రకారిణి ఒక అంకె రాస్తుంది, ఆ వయసున్నవాళ్లంతా మాయమైపోతారు. ఏటేటా అంకె తగ్గుతుంది. కథ గొప్పగా ఉంటుంది, పోరాటంలో మాత్రం వేళ్లు చురుగ్గా కదలాలి.

చెవులకి

పాటల దగ్గర నేను పెద్ద పండితుణ్ని కాను, అందుకే రెండే. స్పెయిన్ గాయని రొసాలియా ఆల్బమ్ ‘లక్స్’ 2025 నవంబరులో వచ్చింది. లండన్ సింఫనీ ఆర్కెస్ట్రాతో, పదికి పైగా భాషల్లో పాడింది. ప్యూర్టోరికో అనే కరీబియన్ దీవికి చెందిన గాయకుడు బాడ్ బన్నీ ఆల్బమ్ ‘దెబీ తిరార్ మాస్ ఫోతోస్’ అదే ఏడు జనవరిలో వచ్చింది. "ఇంకొన్ని ఫొటోలు తీసుకుని ఉండాల్సింది" అని ఆ పేరుకి అర్థం. ఆ దీవి పాత జానపద బాణీలు, సల్సా నృత్య సంగీతం, ఇప్పటి బీటు కలిసిపోయి ఉంటాయి.

‘లక్స్’ని షఫుల్‌లో పెట్టకండి. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, దీపం ఆర్పి, మొదటి పాట నుంచి వరసగా వినండి, వీలైతే పాటల అర్థాలు ముందు పెట్టుకుని. పనిలో ఉండగా పెడితే చర్చిలో ఎవరో దూరంగా పాడుతున్నట్టు ఉంటుంది, అంతకు మించి ఏమీ అందదు. బాడ్ బన్నీది గిన్నెలు కడుగుతూ, బట్టలు మడత పెడుతూ వినొచ్చు. భాష ఒక్క ముక్క రాకపోయినా మూడో పాటకల్లా కాలు ఆడుతుంది. ఆల్బమ్ పేరున్న పాట దగ్గరికి వచ్చేసరికి అందరూ గుంపుగా పాడుతుంటారు, అక్కడ మాత్రం నేను కుళాయి కట్టేసి వింటాను.